దళిత శబ్దము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. నేను పండితుడను గాను. గ్రామపు లెక్కలు వ్రాయువాడను. పగలెల్ల అడంగళ్లతోను, సర్వే నంబర్లతోను కాలక్షేపము చేయువాడను. గురుముఖమున నేర్చినది స్వల్పము. ఈ బీరువాలలో దొరకిన అమరకోశము, బాలవ్యాకరణము, భారత భాగవతములు, ఇవియే నాకు గురువులు. కావున పెద్ద విషయముల జోలికి పోక ఒక్క మాటను గూర్చి మాత్రమే చెప్పెదను. ఆ మాట "దళిత". దానినే ఏల ఎత్తుకొంటినో మీలో అనేకు లెఱుగుదురు. ఎఱుగనివారికి ఆ సంగతి తరువాత విన్నవించెదను.

ముందు ధాతువును చూతము. పాణినీయ ధాతుపాఠమున "దల" ధాతువునకు విశరణ మని అర్థము చెప్పబడినది. విశరణ మనగా చీలుట, పగులుట, విచ్చుకొనుట. దలము దానినుండి పుట్టినదే. లకారము ళకారముగా మన వాడుకలో దళ మైనది. మారేడుదళము, తులసీదళము అందఱు నెఱిగినవే. హిందీవారు పప్పును "దాల్" అందురు. అదియు ఈ ధాతువు సంతానమే. మన మెట్టచేలలో పండిన కందులను ఎండబోసి తిరగలిలో విసరినచో గింజ రెండుగా చీలును. ఆ సగమును మనము "బద్ద" అందుము. బద్దలగుట యను మన క్రియ దానికి దగ్గఱి చుట్టము. మార్కాపురము పలకల గనులలో పనివాడు ఉలిమొనను పొరల నడుమ నుంచి సుత్తితో తట్టగా రాయి రేకులు రేకులుగా విడివడుట చూచినవారికి విశరణ మన నేమో వేఱుగ చెప్ప నక్కఱలేదు.

పూర్వకావ్యములలో దళితశబ్దము తఱచుగా పువ్వుల నాశ్రయించి కనబడును. దళితారవింద మనగా విచ్చిన తామర. దళితకువలయ మనగా విరిసిన కలువ. యుద్ధవర్ణనలలో నిదే మాట చీల్చబడిన యేనుగు కుంభస్థలమునకును వచ్చును. వికాసమునకును వినాశమునకును ఒక్కటే శబ్దమా యని ఆశ్చర్యము కలుగవచ్చును. ఇది వ్యాకరణపు గొడవ యని విసుగుకొనక కొంచె మోపిక పట్టవలెను. నేను చెప్పదలచినది అంతయు ఈ ప్రత్యయములోనే యున్నది. మొగ్గ తనంతట తాను విచ్చుకొన్నచోట క్రియ అకర్మకము. అచ్చట "క్త" ప్రత్యయము కర్తను చెప్పును. పువ్వు విచ్చినది, అంతతో వాక్యము ముగిసినది. సింహము ఏనుగు తలను చీల్చినచోట క్రియ సకర్మకము. అచ్చట "క్త" ప్రత్యయము కర్మను చెప్పును. తల చీల్చబడినది. వెంటనే "ఎవనిచేత?" అను ప్రశ్న పుట్టును. తృతీయావిభక్తి లేక ఆ వాక్యము నిండదు.

ఒక జనసముదాయమునకు పేరుగా నేడు వాడుచున్న దళితశబ్దము ఈ రెండవది. ఆ పేరు విన్నవాడు, మనసున్నచో, "ఎవరిచేత?" అని అడుగవలసినవాడగును. ఆ జనులకు అంతకు పూర్వము లోకము పెట్టిన పేళ్లు ఈ ప్రశ్నకు తావీయలేదు. కొన్నిటిని పరిశీలింతము.

అమరసింహుడు ద్వితీయకాండమున శూద్రవర్గములో చండాల, మాతంగ, నిషాద, పుక్కస, శ్వపచాదులుగా పది పేళ్లు చెప్పినాడు. శ్వపచు డనగా కుక్కను వండుకొనువాడు. అది పేరు కాదు, తిట్టు. ఆ పదింటిలో "అంతేవాసి" యని యొకటి యున్నది. చదువుచు చదువుచు నే నచ్చట చాలసేపు ఆగిపోతిని. ఏలయన ఆ కాండముననే బ్రహ్మవర్గములో శిష్యునకును అంతేవాసి యనియే పేరు. అంతే యనగా సమీపమున. గురువు సమీపమున నుండువాడు శిష్యుడు. అంతే యనగా కొసను. ఊరి కొసను ఉండువాడు చండాలుడు. అక్షరములలో భేదము లేదు. ఒకడు గురువు దగ్గఱకు చేర్చుకొనబడుటచేత ఆ పేరు పొందినాడు; మఱియొకడు ఏ గురువు దగ్గఱకును చేరనీయబడకుండుటచేత పొందినాడు. ఆ చేరనీయకుండుటను మాత్రము పదము చెప్పదు. వా డచ్చట వసించును, వానికి అచ్చట వసించుట యిష్టమైనట్లు!

"అస్పృశ్య" శబ్దమును విప్పి చూడుడు. ఇందున్నది కృత్యప్రత్యయము, అది యోగ్యతను చెప్పును. పూజింపదగినవాడు పూజ్యుడు, తాకదగనివాడు అస్పృశ్యుడు. దోషమంతయు తాకబడనివానియందే పెట్టి, తాకనని తొలగినవానిని ఈ పదము దాచివేసినది. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 17వ అధికరణమున ఆ యాచారమును రద్దుచేసి, దానిని బట్టి యొకని నిర్బంధించుట నేరమని చెప్పినది. 1955లో వచ్చిన చట్టము శిక్షలను నిర్ణయించినది. తొలగినవానికి శాసనములో నొక స్థానము దొరకుటకు అంతకాలము పట్టెను.

"పంచమ" యను మాట మఱియొక వింత. మనుస్మృతి పదవ యధ్యాయమున వర్ణములు నాలుగే, అయిదవది లేదని స్పష్టముగా నున్నది. లేనిదానినే యొక పేరుచేసి లక్షలాది జనుల నెత్తిన పెట్టిరి. 1917వ సంవత్సరమున బెజవాడలో హైదరాబాదు వాసియైన భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతను జరిగిన సభలో ఆ జనులే యీ పేరును త్రోసిపుచ్చి, ఈ నేలకు మొదటివారము మేమే గనుక ఆది ఆంధ్రులము అని చాటిరి. 1922లో మద్రాసు శాసనసభ ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ నామములను వాడవలెనని తీర్మానించినది. అప్పటికి మన ప్రాంతము చెన్నరాజధానిలోని కర్నూలు మండలమునకు చేరియుండెను. ఇతరులు పెట్టిన పేరును కాదని తమకు తాము పేరు పెట్టుకొనుట సామాన్యమైన సాహసము కాదు. ఐనను ఆది ఆంధ్ర శబ్దము ప్రాచీనతను చెప్పునే గాని జరిగిన అన్యాయమును చెప్పదు.

ఇక హరిజన శబ్దము. గుజరాతు భక్తకవి నర్సీ మెహతా వాడిన మాట యని చెప్పి గాంధీమహాత్ముడు దానిని గ్రహించినారు. 1933 ఫిబ్రవరిలో ఆ పేరుతోనే వారపత్రికను స్థాపించినారు. ఆ యేటి చివర మన యాంధ్రదేశమున పర్యటించి దేవాలయములు, బావులు తెఱువుడని కోరినారు. ఆయన హృదయమును శంకించుటకు నాకు నోరు రాదు. శబ్దమును శంకింపవచ్చును. హరి యొక్క జనులు, షష్ఠీతత్పురుషము. వారొక్కరే హరిజనులైనచో మిగిలినవా రెవరి జనులు? ఈ ప్రశ్నను వారే అడిగిరి. 1938లో బొంబాయి శాసనసభలో ఈ పేరును చట్టమునకెక్కించునపుడు అంబేద్కరుగారును, వారి పక్షమువారును సభను వదలి వెళ్లిరి. 1982లో కేంద్రప్రభుత్వము అధికారపత్రములలో ఆ మాట వాడరాదని ఆదేశించినది. మన పల్లెలలో మాత్రము పాత బోర్డుల మీద అది యింకను చెఱిగిపోలేదు.

ఇచ్చట మా వృత్తికి సంబంధించిన సంగతి యొకటి చెప్పవలెను. వంశపారంపర్యపు కరణీకము 1984లో రద్దయినది. ఆ కాలపు పాత లెక్కలలో గ్రామసేవకుల వరుసలో "తలారి, వెట్టి" అని యుండును. వెట్టి యనగా కూలి లేని చాకిరి. లెక్కలలో అది ఉద్యోగము పేరు. వాడుకలో మనిషి పేరు. "వెట్టివానిని పిలువుము" అనిరే గాని, వానితో వెట్టి చేయించుకొన్నవా రెవరని ఆ పుస్తకములలో నొక గడి లేదు. లెక్కలు వ్రాయువానికి గడులు ముఖ్యము. గడి లేనిదానిని వ్రాయుటకు వీలుపడదు. వ్రాయనిది కొంతకాలమునకు జరుగనిదే యగును.

"దళిత" యను మాటకు వత్తము. అంబేద్కరుగారు 1927లో స్థాపించిన మరాఠీ పత్రిక పేరు "బహిష్కృత భారత్". బహిష్కృత మనగా వెలివేయబడినది. ఇదియు క్తాంతమే యని గమనింపుడు. 1948లో వ్రాసిన యొక గ్రంథమున ఆయన ఊరి వెలుపలి వారు పూర్వము యుద్ధములలో చెదరి, తమ గుంపులనుండి విడివడిన "విరిగిన మనుష్యులు" అని వాదించినారు. ఆ సిద్ధాంతమును చరిత్రకారు లందఱు నంగీకరింపలేదు. మాట మాత్రము మన ధాతువున కెంత దగ్గఱగా నున్నదో చూడుడు. 1972లో బొంబాయి యువకులు అమెరికాలోని నల్లజాతివారి సంఘము పేరును తలచుకొని "దళిత పాంథర్స్" అని పేరు పెట్టుకొన్నప్పటినుండి ఈ మాట దేశమంతట వ్యాపించినది.

తెలుగువారి నోట అది స్థిరపడినది కారంచేడు తరువాత. చీరాల దగ్గఱి యా గ్రామము అప్పుడు మన ప్రకాశము జిల్లాలోనిదే. 2022నుండి బాపట్ల జిల్లాలో చేరినది. త్రాగునీటి చెరువు దగ్గఱ పశువులను కడుగుటను గూర్చి మొదలైన తగవు పెరిగి, 1985 జూలై 17న ఆరుగురు మాదిగ సోదరులు హత్య చేయబడిరి. బ్రదికినవారు చీరాలకు వచ్చి తల దాచుకొనిరి. ఆ సంవత్సరమే దళిత మహాసభ యేర్పడినది. బొజ్జా తారకంగారు, కత్తి పద్మారావుగారు దానికి నాయకులు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది చంపబడిరి. ఈ దినములలో దళితారవిందమును తలచుట ఎవరికి సాధ్యము? శబ్దము పువ్వును విడిచి ఆ పచ్చినెత్తురు మీదికి వచ్చి నిలిచినది. ఎవరిచేత నను ప్రశ్నకు ఆ యూళ్లలో సమాధానము అందఱికిని తెలిసియుండెను.

మా ఆఫీసులలో వాడవలసిన మాట వేఱు. 1935 భారతప్రభుత్వ చట్టమునుండి "షెడ్యూల్డు కులములు" అను పేరు వచ్చినది. రాజ్యాంగము 341వ అధికరణము దానినే నిలిపినది. 2018లో కేంద్రప్రభుత్వము అధికార వ్యవహారములలో దళిత శబ్దము గాక ఈ పేరునే వాడవలెనని చెప్పినది. ధ్రువపత్రము వ్రాయునపుడు నేనును అట్లే వ్రాయుదును. అచ్చట చట్టము తప్ప సాహిత్యము పనికిరాదు. ఐతే ఆ జాబితా మాటకును ఈ మాటకును వైశాల్యము ఒక్కటి కాదు. 1950 నాటి ఉత్తర్వు ప్రధానముగా హిందువులకే వర్తించినది, 1956లో సిక్కులు, 1990లో బౌద్ధులు చేర్చబడిరి, క్రైస్తవులు చేర్చబడలేదు. మన ప్రాంతమున ఇది చిన్న సంగతి కాదు. 1876-78 నాటి పెనుకరవు కాలమున ఒంగోలు బాప్టిస్టు మిషనుకు చెందిన క్లౌ దొరగారు బకింగుహాము కాలువ పనిలో వేలమందికి కూలి చూపించినారు. 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కంభములో కూడ ఆ మిషను వెలసినది. నేడు ఒకే వీధిలో, ఒకే తాత మనుమలలో, ఒకనికి షెడ్యూల్డు కులమనియు, చర్చి పుస్తకములో పేరున్నవానికి వెనుకబడిన తరగతులలో "సి" వర్గమనియు పత్రము వ్రాయవలసివచ్చును. ఊరిలో వారికి జరిగిన మర్యాదలో మాత్రము ఆ భేదము ఎవరును చూపలేదు. దళిత శబ్దము ఆ యిద్దఱిని ఒక్కచోట నిలుపును.

ఈ మాటకు అభ్యంతరములు లేకపోలేదు. "ఎల్లకాలము మేము విరిగినవారమని చెప్పుకొనవలెనా?" అని ఆ పేటలోని చదువుకొన్న యువకులే నన్ను అడిగినారు. న్యాయమైన ప్రశ్న. నా బుద్ధికి తోచినది యిది: క్తాంతము జరిగిన క్రియను చెప్పును గాని స్వభావమును చెప్పదు. చెయ్యి విఱుగగొట్టబడినవాడు పుట్టుకతో చెయ్యి లేనివాడు కాడు. అంతకంటె బలమైన సమాధానము ఒంగోలుకు సమీపమున ఈదుముడి గ్రామమువారు ఇచ్చినారు. 1994 జూలై 7న అచ్చట మాదిగ రిజర్వేషను పోరాట సమితి పుట్టినది. దండోరా యను పేరుతో ప్రసిద్ధమైనది. ఏ కులనామమును ఊరు తిట్టుగా వాడెనో దానినే పేరుల చివర చేర్చుకొని వారు సభలలో నిలిచిరి. దండోరా యనగా మా రెవెన్యూవారికి బాగుగా తెలిసిన పని. శిస్తు వాయిదాలు, వేలములు డప్పు కొట్టించి చాటించెడివారము. పరుల మాట చాటిన డప్పుతో వారు తమ మాటను చాటుకొనిరి. దళిత శబ్దము నీడలో తమ వంతు మాసిపోవుచున్నదన్నది వారి ఫిర్యాదు. 2024 ఆగస్టు 1న సుప్రీము కోర్టు ఉపవర్గీకరణము చెల్లునని తీర్పు చెప్పినది. మాల సోదరులకు అందు భిన్నాభిప్రాయము కలదు. ఆ తగవు తీర్చుట నా పని కాదు. ఒక్క పేరు అందఱికిని అన్నివేళల సరిపడదని మాత్రము గ్రహించితిని.

గుంటూరు పోవు రైలులో మన మార్కాపురము రోడ్డు దాటి, దొనకొండ మీదుగా పోగా వినుకొండ వచ్చును. 1895లో అచ్చట జన్మించిన జాషువ మహాకవి 1941లో గబ్బిలము వ్రాసినపుడు తన నాయకునికి "అరుంధతీసుతుడు" అని పేరు పెట్టినాడు. గుడిలోనికి తాను పోరాదు, గబ్బిలము పోవచ్చును. కావున దానిచేత శివునికి మొఱ పంపినాడు. ఆ కావ్యము ఈ గ్రంథాలయమున ఎన్ని చేతులు మాఱినదో దాని అట్టను చూచిన తెలియును.

ఇక మన యూరి సంగతి. ఈ రజతోత్సవ సంచికలో గ్రామచరిత్ర ప్రకరణ మొకటి యున్నది. దాని చిత్తుప్రతిలో "ఊరికి పడమట అణగారిన వర్గములవారు నివసించుచున్నారు" అని యొక వాక్యముండెను. పాత లెక్కలలో వలె హరిజనవాడ యనుడని ఒకరు, దళితవాడ యనుడని ఒకరు, అంబేద్కరు నగర మనుడని ఆ పేట యువకులు వాదించిరి. కార్యవర్గమువారు ఆ కాగితమును నా చేతిలో పెట్టిరి. నా ప్రసంగమునకు కారణ మిదియే.

నాకు పేరుకంటె ఆ క్రియ మీద ఎక్కువ అభ్యంతరము. అణగుట అకర్మకము, అణచుట సకర్మకము. వరదనీరు అణగును, ధూళి అణగును. మనిషిని మనిషి అణచును. "అణగారిన" అని వ్రాసినచో వారు తమంతట తామే అణగిపోయినట్లగును. వేదికల మీద ఈ మాట దయతో వాడుదురు, కాదనను. ఆ దయ ఎవరికి ఉపకారము చేయుచున్నదో యోచింపవలెను. "వెనుకబడిన" యను మాటయు నట్టిదే. మార్కాపురము, గిద్దలూరు, కంభము వెనుకబడిన ప్రాంతము లని పట్టణపువారు వ్రాసినపుడు మనకు కోపము రాదా? మేము వెనుకబడలేదు, వెనుక పెట్టబడితిమి, 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ నీటికై మా పిల్లలు పెద్దవారైనను ఎదురుచూచితిమి, ఫ్లోరైడు నీరు త్రాగితిమి అని మనము కర్తను వెదకి వెదకి చూపింతుము. మన విషయమున సకర్మకము, పడమటిపేట విషయమున అకర్మకము! ఈ వ్యాకరణము నాకు మింగుడుపడలేదు.

కనుక ఆ వాక్యము స్థానమున జరిగినదానిని జరిగినట్లు వ్రాయుమని కోరితిని. ఊరిబావిలో వారిని చేద వేయనీయనివారు ఊరివారే; "నీరు లభించలేదు" అనక "ఊరివారు ఈయలేదు" అని వ్రాయవలెను. ఆ ఊరివారిలో కరణాల యిండ్లును, రెడ్ల యిండ్లును, కోమట్ల యిండ్లును ఉన్నవని కూడ వ్రాయవలెను; మా యిల్లు అందులో మినహాయింపు కాదు. ఆ పేటలో తొలి బావి ఏ యేట త్రవ్విరో, తొలి బడి ఏ చెట్టు క్రింద పెట్టిరో, డి.కె.టి. పట్టాలు ఎవరికి వచ్చెనో, వచ్చిన భూములు ఎవరి చేతిలోనికి పోయెనో, అవన్నియు లెక్కలలో నున్నవి. తీసి యిచ్చుటకు నేను సిద్ధము. 1977 నాటి అసైన్డు భూముల చట్టమును దాటి చేతులు మాఱిన సర్వే నంబర్లను గూర్చి అడిగినచో కొందఱికి ఇబ్బంది కలుగవచ్చును. కలుగనిండు.

పేరు విషయమున నా అభిప్రాయ మడిగినచో, చరిత్ర చెప్పునపుడు దళిత శబ్దము వాడుట యుక్తమనియే నా మతము. ఐనను పేట పేరు పేటవారిది. పడమటిపేట పెద్దలు నలుగురు ముందువరుసలోనే కూర్చుండియున్నారు. చిత్తుప్రతిని ఈ బల్లమీద పెట్టుచున్నాను. వారు ఇంటికి తీసికొనిపోయి, చదువగల పిల్లలచేత చదివించుకొని, కొట్టివేయదగిన మాటలు కొట్టివేసి, చేర్పదగినవి చేర్చి యిచ్చిన తరువాతనే ప్రెస్సునకు పంపుటకు కార్యదర్శిగారు అంగీకరించినారు. సంచిక పది దినము లాలస్యమగును, చందాదారులు మన్నింపగోరెదను.

భాగవతార్ గారు హరికథకు చిడతలు పట్టుకొని సిద్ధముగా నున్నారు.